నాళాలు మొలిపించే మందు

ఇల్లు, ముందు గది కిటికీ పక్కన

మరదలు పిల్లకి,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఫోన్ చేద్దామంటే మీ అన్నయ్య పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంటారు. నేను "ఊ" అంటే చాలు, "ఏమంది, ఏమంది" అని నా మోచెయ్యి పట్టుకుంటారు. లిఫ్టు గోతుల్లో తాడు కట్టుకుని వేలాడుతూ రిపేర్లు చేసే మనిషి, నా కాలికట్టు విప్పితే గోడ పట్టుకుంటున్నారు. అందుకే ఆయన పనికి వెళ్ళాక కాగితం తీశాను. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి. ఇంటికి కాదు, మా డ్రైవింగ్ స్కూల్ అడ్రసుకి.

కుడి పాదం కింద, బొటనవేలి మొదట్లో పుండు పడిందని చెప్పాను కదా. గులకరాయి గుచ్చుకుందన్నాను. గులకరాయి కాదు, నట్టు. మీ అన్నయ్య చొక్కా జేబులోంచి జారి నా బూటులో పడ్డ ఇనప నట్టు. దాని మీదే కాలు ఆనించి సాయంత్రం దాకా పాఠాలు చెప్పాను. నేర్చుకునేవాళ్ళ కార్లో నా వైపు ఇంకో బ్రేకు ఉంటుందని నీకు తెలుసుగా, అది ఎన్నిసార్లు తొక్కానో. ఇంటికొచ్చి బూటు విప్పితే మేజోడు తడిసి ఉంది. ఏమిటీ తడి అనుకున్నాను. షుగరు నా పాదానికి స్పర్శ లేకుండా చేసిందని అప్పుడు తెలిసింది. నట్టు సంగతి ఆయనకి చెప్పలేదు. తెలిస్తే తిండి మానేస్తారు.

నిన్న సర్జన్ పుండు అంచు కోశాడు. నొప్పి లేదు సరే, రక్తం కూడా రాలేదు. ఆయన చెయ్యి ఆగిపోయింది. మోకాలి కింద నాళాలు మూసుకుపోయాయట. నాళం తెరవడానికి బెలూను పెట్టే చోటు లేదు, వేరే నాళం తెచ్చి అతికే చోటూ లేదు. ఇలాగే ఉంటే మోకాలి కింద దాకా తీసెయ్యాలన్నాడు. తీసెయ్యాలి అన్న మాట ఎంత మామూలుగా అన్నాడో, గోరు సంగతి చెబుతున్నాడేమో అనుకున్నాను.

ఆ తర్వాత ఒక జెల్ సంగతి చెప్పాడు. ఇంకా పరీక్షల్లో ఉందట, ఒప్పుకున్నవాళ్ళకే రాస్తారట. పుండులో కొత్త రక్తనాళాలు మొలిపిస్తుందట. అందులో కలిపే పొడి నువ్వు పనిచేసే ల్యాబ్ నుంచే వస్తుందని చెబితే నాకు నవ్వాగలేదు. పెళ్ళయి నేనొచ్చేటప్పటికి సిరాబుడ్డి మూత పెట్టడం రాని పిల్ల, నా కాలు కోసం పొడి నూరుతోందన్నమాట. నిజం చెప్పు. నీ పొడిని నమ్మచ్చా? నాకు చాలా భయంగా ఉంది.

నీ వదిన


ల్యాబ్ వెనక, క్వార్టర్సు గది

వదినా,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి చేతులు ఆడటం లేదు. గులకరాయి అన్నప్పుడే అనుమానించాల్సింది. రోడ్డు మీద రాయి కనిపిస్తే కారాపి పక్కకి తోసే మనిషివి నువ్వు.

పొడి నూరం, వదినా. వండుతాం. అది ఒక రకం గాజు. అందులో కాస్త రాగి కలుపుతాం. రేణువు ఎంత చిన్నదంటే ఈ వాక్యం చివరి చుక్క మీద కోటి కూర్చోగలవు. అంత చిన్నగా చేస్తేనే పుండులో నెమ్మదిగా కరిగి, రాగిని కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ రాగి అక్కడి కణాలకి ఒక అబద్ధం చెబుతుంది, ఊపిరి అందటం లేదు అని. అప్పుడవి గాలి కోసం, రక్తం కోసం కేకలు పెడతాయి. ఆ కేక విని పక్కనున్న నాళాలు కొమ్మలు వేస్తాయి. నీ పాదంలో నిజంగానే ఊపిరి లేదు, కానీ షుగరు వల్ల అక్కడి కణాల గొంతు పూడుకుపోయింది. వాటి తరఫున మా పొడి అరుస్తుంది. అంతే.

నమ్మచ్చా అన్నావు. పుండు మానటం నేను ఫొటోల్లో చూశాను. మానకపోవడమూ చూశాను. నా చేత్తో చేసిన పొడి నీ పాదంలోకి వెళ్తుందంటే ఒళ్ళు జలదరిస్తోంది. అయినా రాయించుకో అనే అంటాను, ఎందుకంటే రెండో దారి నాకు తెలుసు.

ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకో. నాళాలు మొలిపించే మందుకి మంచి చోటూ చెడ్డ చోటూ తెలియవు. ఒంట్లో ఎక్కడైనా క్యాన్సర్ గడ్డ దాగి ఉంటే దానికీ అన్నం పెట్టినట్టవుతుంది. ఇక కన్ను. షుగరున్నవాళ్ళ కంట్లో కణాలు ముందే అరుస్తూ ఉంటాయి. అక్కడ మొలిచే నాళాలు బలహీనం, చిట్లిపోతాయి, కన్ను రక్తంతో నిండిపోతుంది. పాదానికి రాసింది కంటి దాకా వెళ్తుందా అంటే, చాలావరకు పాదంలోనే ఉంటుంది. ఆ చాలావరకు అన్న మాట దగ్గరే నేను ఆగిపోతున్నాను. చూపులో ఏ కొంచెం తేడా వచ్చినా ఆ రోజే డాక్టరుకి చెప్పు. నాకు ఒట్టేసి రాయి.

నీ మరదలు


డ్రైవింగ్ స్కూల్, ఆఫీసు గది

గాజుల మరదలికి,

ఒట్టు. చాలా?

జెల్ మొదలుపెట్టారు. ముందు ఒళ్ళంతా వెతికారు, గడ్డలేవీ లేవు. కంట్లో చుక్కలు వేసి లోపల ఫొటో తీశారు, షుగరు గీతలు కొద్దిగా ఉన్నాయి గానీ ఫరవాలేదు, చేర్చుకోవచ్చన్నారు. ఇకనుంచి వెళ్ళినప్పుడల్లా గోడ మీది అక్షరాల చార్టు చదివిస్తారు. అందులో వరసలు తప్పితే మళ్ళీ ఫొటో తీస్తారట.

నీ జెల్ చూడ్డానికి ఏమీ లేదు. నీలం ఛాయ ఉన్న జిగురు. నర్సు దాన్ని చెంచా వెనకతో పులుముతుంది. మొదటి వారాల్లో ఏమీ కనబడలేదు. నేను లోపల్లోపల నిన్ను తిట్టుకున్నాను. పోయిన వారం సర్జన్ వంగి చూసి, నర్సుని పిలిచి, ఇంకో డాక్టర్ని పిలిచాడు. పుండు అడుగున ఎర్రగా గరుకు లేచింది. నేను చచ్చానని అనుకున్నాను. అది మంచి గుర్తట. మీ అన్నయ్యకి చెబితే ఆయన కుర్చీలో కూర్చుని ఏడ్చారు. ఊరుకోండి, కాలు పోయినప్పుడు ఏడవడానికి కాస్త దాచుకోండి అన్నాను. ఆ వేళాకోళానికి ఆయన నాతో ఒక పూట మాట్లాడలేదు.

కాలు కింద పెట్టకూడదు కాబట్టి కారు ఎక్కడం లేదు. బల్ల మీద బొమ్మకార్లు పెట్టుకుని రోడ్డు గుర్తులు చెబుతున్నాను. మొన్న ఒక అమ్మాయి వెనక బెంచీ నుంచి గుర్తు చూపిస్తే "కుడివైపు తిరగరాదు" అన్నాను. అది ఎడమవైపుదట. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. కాలికి బలపం కట్టుకుని తిరిగినదాన్ని కూర్చోబెడితే బుర్ర తుప్పు పట్టదూ?

ఇంకో మాట, నీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఈసారి పెద్దగా రాయి.

నీ వదిన


ల్యాబ్, ఇంక్యుబేటర్ గది

వదినా,

పెద్దగా రాస్తున్నాను. ఎందుకు పెద్దగా రాయమన్నావో ముందు చెప్పు.

నా అక్షరాలు ఇన్నేళ్ళుగా ఇంతే. ఎప్పుడూ తప్పుపట్టలేదు నువ్వు. పైగా రోడ్డు గుర్తు. నిద్రలో అడిగినా చెప్పేదానివి. నవ్వుతూ రాశావు గానీ నాకు నవ్వు రాలేదు.

ఇక్కడ నా పనేమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పొదిగే గుడ్ల పెంకుకి చిన్న కిటికీ కోస్తాం. లోపలి పొర మీద మా జెల్ చుక్క పెట్టి మూసేస్తాం. కొన్నాళ్ళకి తెరిస్తే ఎర్రటి దారాలు నాలుగు వైపుల నుంచీ ఆ చుక్క వైపు పాకి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు అంత అందమైనది ఇంకోటి లేదనుకున్నాను. ఈ వారం ఒక గుడ్డులో చుక్కకి దూరంగా, ఏమీ పెట్టని మూల, దారాలు గుబురుగా లేచాయి. గుడ్డుకీ గుడ్డుకీ తేడా ఉంటుందిలే, అన్నిటికీ భయపడితే ఈ పని చెయ్యలేవు అన్నారు మా సార్. నిజమే కావచ్చు. ఆ పెంకు ముక్కని టేపుతో మూసేశాను. నాకు నీ కన్ను కనిపించింది.

వదినా, నీ కళ్ళు ఎలా ఉన్నాయి? వేళాకోళం వద్దు. ఉన్నదున్నట్టు రాయి.

నీ మరదలు


ఇల్లు

మరదలా,

ఉన్నదున్నట్టు రాస్తాను. చదివాక ఇది చించెయ్యి.

మొదట ఎడమ కంటి ముందు మసి తుంపరలు. చేత్తో తోలితే పోవు. తర్వాత పొగలాగా ఒక తెర. కుడికంట్లో ఈమధ్యే నల్లదారం ఒకటి ఊగుతోంది, కన్ను ఎటు తిప్పితే అటు వస్తుంది. నీ ఉత్తరం కిటికీకి ఆనించి చదివాను.

చార్టు ఎలా చదువుతున్నానని అడుగుతావు. ఎన్నేళ్ళుగా నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని లైసెన్సు ఆఫీసుకి కళ్ళ పరీక్షకి తీసుకెళ్తున్నాను చెప్పు. వాళ్ళు చదువుతుంటే వెనక నిలబడి పెదాలు కదుపుతూనే ఉన్నాను. ఆస్పత్రిలోనూ అదే చార్టు. పై నుంచి కిందికి, కింద నుంచి పైకి, ఎలా అడిగితే అలా అప్పజెబుతాను. నర్సు మెచ్చుకుంది కూడా, ఈ వయసులో ఎంత చూపమ్మా అని.

నీ జెల్ చేసిందా, షుగరే చేసిందా, నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. నాకు తెలిసింది ఒకటే, చెబితే జెల్ ఆపేస్తారు. పుండు సగానికి పైగా మూసుకుంది. ఇప్పుడు ఆపితే పోయేది కాలు.

మా నాన్న బస్సు నడిపేవాడు. ఈ జబ్బుతోనే ఆయన కాలు తీసేశారు. నేను స్కూలు నుంచి వచ్చేటప్పటికి గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. వచ్చినవాళ్ళు ఆయన తల మీదుగా అమ్మతో మాట్లాడేవాళ్ళు, ఎలా ఉన్నాడు, తింటున్నాడా అని. ఆయన అక్కడే ఉన్నాడు, మరదలా, ఆయన్నే అడగచ్చు కదా. ఒక్కడూ అడగలేదు. ఆ మంచం మీద నేను పడుకోలేను. కన్ను మసకైతే మసకవుతుంది, ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. నేను నా కాళ్ళ మీద నిలబడాలి.

ఎవరికీ చెప్పకు. మీ అన్నయ్య మీద ఒట్టు. నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు, ఈ ఒక్కసారి నాననివ్వు. నాకు చాలా భయంగా ఉంది, కానీ ఇది నా భయం, నన్నే పడనివ్వు.

వదిన


ల్యాబ్

వదినా,

చెప్పేశాను.

నీ ఉత్తరం చదివి చాలాసేపు బాత్రూంలో నిలబడ్డాను. తర్వాత పరీక్షలు నడిపే డాక్టరుకి ఫోన్ చేశాను. అన్నయ్యకీ చేశాను. ఇది నీకు అందేలోపే వాళ్ళు నీ దగ్గరికి వచ్చి ఉంటారు. ముందే చెబితే నువ్వు నన్ను మాటల్లో పెట్టి ఆపేస్తావు. నీ మాట నేను ఎప్పుడు కాదన్నాను? అందుకే నీతో చెప్పకుండా చేశాను.

ఒకటి పోతే ఇంకోటి ఉంటుందన్నావు. ఉండదు, వదినా. రెండో కంట్లోనూ మొదలైందని నువ్వే రాశావు. ఆ నల్లదారం రక్తం. ఇంకా ఆగితే కంటి లోపలి పొర ఊడి వచ్చేస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. చూపు పోయి, రేపు పుండు మళ్ళీ తిరగబెడితే కాలూ పోయి, రెండూ లేకుండా నిన్ను ఊహించుకోవడం నా వల్ల కాలేదు.

జెల్ ఆపితే నీ పుండు ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ఆ పొడి చేసింది నేనే, ఆపించిందీ నేనే. ఏ చెయ్యి చూసుకున్నా భయమేస్తోంది. నువ్వు తిట్టే తిట్లన్నీ పడతాను. కానీ రాయడం మానకు.

నీ మరదలు


ఇల్లు

సైంటిస్టు గారికి,

మీరు పంపిన మనుషులు వచ్చారు. జెల్ ఆపేశారు. చార్టు మార్చి వేరే అక్షరాలు పెట్టారు, నాకు పై వరస తప్ప ఏదీ తెలియలేదు. ఇకనుంచి అందరికీ వెళ్ళినప్పుడల్లా కంటి ఫొటో తీస్తారట, నా పుణ్యమా అని. మీ ల్యాబ్‌లో మీకు మంచి పేరు వచ్చి ఉంటుంది.

కంట్లో సూది వేశారు. మొలిచిన నాళాలు ఎండిపోవడానికి. కాలికి మొలిపించే మందు, కంటికి మాడ్చే మందు. నా ఒక్క ఒంట్లోనే రెండూ. సూది వస్తుంటే కన్ను మూసుకోవడానికి ఉండదు, మీకు తెలుసా? రెప్పలు పట్టి ఉంచే క్లిప్పు పెడతారు. సూది మొన నల్లగా దగ్గరికొచ్చింది. నేను ఎవరినీ పిలవలేదు. పిలవాలనుకున్న పేరు మీదే, అందుకే పిలవలేదు.

ఇక మీరు రాయనక్కర్లేదు.

ఇట్లు,
పేషెంటు


ల్యాబ్ వెనక, క్వార్టర్సు గది

వదినా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

మీరు అన్నావు. నేను ఇంట్లో అడుగుపెట్టిన ప్రతిసారీ "ఏమే" అని పిలిచేదానివి. ఆ మీరు అన్న మాట కాగితం మీద చూడలేక ఉత్తరం తిరగేసి పెట్టాను.

అన్నయ్య ఫోన్ చేశాడు. పుండు నల్లబడుతోందన్నాడు, వాసన వస్తోందన్నాడు, ఎముక దాకా పాకిందన్నాడు. ఆపరేషన్ తప్పదన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ అంత నెమ్మదిగా వినలేదు. నట్టు సంగతి నువ్వే చెప్పేశావట, ఆయనే అన్నాడు. ఇన్నాళ్ళూ గులకరాయి అని నన్ను కాపాడింది అన్నాడు.

గుడ్ల గదిలోకి వెళ్ళలేకపోతున్నాను. సెలవు పెట్టాను. బ్యాగు సర్ది తలుపు పక్కన పెట్టుకున్నాను. నువ్వు రమ్మంటేనే వస్తాను. నేను తప్పు చేశానో లేదో నాకు తెలియదు. నీ కాలు నా వల్లే పోతోందని మాత్రం రోజూ లేవగానే గుర్తొస్తోంది. ఒక్క ముక్క రాయి, తిట్టినా సరే.

నీ మరదలు


ఆస్పత్రి, సర్జరీ వార్డు

ఏమే,

వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో. కుడికంటితో రాస్తున్నాను. కుడిది బాగుంది, నల్లదారం సన్నబడింది. ఎడమది ఇంకా పొగపట్టిన అద్దంలాగే ఉంది. లేజరు వేశారు, ఇంకా సూదులున్నాయి. ఉన్న చూపు నిలుస్తుందని కంటి డాక్టరు అన్నాడు. ఇంకో నెల ఆగి ఉంటే అని మొదలుపెట్టి వాక్యం పూర్తి చెయ్యలేదు.

కాలు తీసేశారు. మోకాలి కింద దాకా.

ముందురోజు సర్జన్‌ని అడిగాను, జెల్ ఆపకపోయి ఉంటే కాలు దక్కేదా అని. తెలియదన్నాడు. దక్కేదేమో, దక్కినా ఇంకో చోట పుండు పడేదేమో, చెప్పలేనన్నాడు. ఆ మాటకి ఆయన మీద మండిపోయింది. తర్వాత అనిపించింది, అబద్ధం చెప్పనివాడు ఒకడైనా దొరికాడు అని. మన ఇంట్లో నేను నట్టు దాచి, కన్ను దాచి, చాలా అబద్ధాలు చెప్పాను.

లోపలికి తీసుకెళ్ళేటప్పుడు చాలా భయపడ్డాను. నీకు రాసిన భయాలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. మీ అన్నయ్య స్ట్రెచర్ పక్కనే నడుస్తూ తలుపు దాకా వచ్చారు. ఈసారి గోడ పట్టుకోలేదు. మత్తు ఎక్కే ముందు పాదం కదిపి చూసుకున్నాను. వేళ్ళు కదిలాయి. అది చూడకుండా ఉండాల్సింది.

మొదటిసారి కట్టు విప్పే రోజు నర్సు తలగడ సర్దుతూ "గోడవైపు తిరిగి పడుకోండమ్మా, ఇప్పుడే చూడకండి, చాలామంది చూడరు" అంది. నేను తిరగలేదు. తల కింద ఇంకో దిండు పెట్టమన్నాను. దుప్పటి అంచు పిడికిట్లో నలిగిపోయింది. ఆ పిల్ల గుడ్డ తీస్తూ నా మొహమే చూస్తోంది, మూర్ఛపోతానేమోనని. కాలు ఎక్కడ దాకా ఉందో అక్కడి దాకా చూశాను. కుట్లు చూశాను. అవతల ఖాళీగా ఉన్న దుప్పటి చూశాను. ఇంత ఇచ్చి మిగుల్చుకున్న కళ్ళు, వాటిని మూసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే మళ్ళీ అబద్ధమవుతుంది. ఆ బ్యాగు తీసుకుని బయల్దేరు. నీ మొహం చూడాలి.

వదిన